తెనాలి స్తూపాలు, సోంపేట కేసులు

తెనాలి రణరంగ చౌకులో ఏడు స్తూపాలున్నాయి. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఊరేగింపు రైల్వే స్టేషను మీదికి వెళ్లింది. స్టేషను తగలబడింది. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. ఏటా ఆ రోజున స్తూపాలకు దండలు పడతాయి. స్టేషనుకు నిప్పు పెట్టడం తప్పా ఒప్పా అని అప్పుడు ఎవరూ అడగరు. అడిగితే అడిగినవాణ్ణే వింతగా చూస్తారు.

ఇవాళ ఓ ఊరి జనం తమ చేలల్లోకి వస్తున్న మురుగు ఆపమని అడిగి అడిగి విసిగిపోయి, కంపెనీ షెడ్డుకు నిప్పు పెట్టారనుకుందాం. వాళ్ల మీద ఏ సెక్షన్లు పడతాయో జిల్లా కోర్టులో ఏ గుమాస్తానడిగినా గడగడా చెబుతాడు. అమెరికాలో అయితే ఆ పనికి నలభై ఏళ్ల కిందటే ఓ పేరు పెట్టారు: పర్యావరణ ఉగ్రవాదం. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరికి తగిలించారు, మన డెల్టాకూ ఉత్తరాంధ్ర తీరానికీ అది ఏ మేరకు వర్తిస్తుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. నా అభిప్రాయం దాచుకోను. వస్తువుకు చేసిన నష్టాన్నీ మనిషికి చేసిన హానినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అలాగని వస్తువుల్ని ధ్వంసం చేస్తే నేల బాగుపడుతుందన్న నమ్మకానికీ చరిత్రలో పెద్దగా ఆధారం లేదు.

ఈ వాదన మనకు అమెరికా నుంచి దిగుమతి కానక్కర లేదు. 1942 జూలై 29 తేదీతో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం ఓ సర్క్యులర్ పంపింది. ఆంధ్రా సర్క్యులర్ అనీ, కర్నూలు సర్క్యులర్ అనీ అంటారు. కళా వెంకటరావు పేరు దానితో ముడిపడి ఉంది. ఉద్యమం ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో అందులో రాశారు. గొలుసు లాగి రైళ్లు ఆపొచ్చు. టికెట్టు లేకుండా ప్రయాణించొచ్చు. తంతి, టెలిఫోను తీగలు తెంపొచ్చు. కల్లు గీసే చెట్లు నరకొచ్చు. (చెట్లు నరకడం ఉద్యమ కార్యక్రమం అయిన రోజులవి, నేటి పర్యావరణవాది చదివితే ఉలిక్కిపడతాడు.) కానీ పట్టాలు పీకకూడదు, ఎవరి ప్రాణానికీ ముప్పు రాకుండా చూసుకోవాలి. వస్తువుకూ ప్రాణానికీ మధ్య గీత గీసిన కాగితం అది. బ్రిటిష్ ప్రభుత్వం మరుసటి ఏడాది ‘అల్లర్లకు కాంగ్రెసే బాధ్యురాలు’ అంటూ ప్రచురించిన నివేదికలో ఈ సర్క్యులర్‌నే పెద్ద సాక్ష్యంగా చూపించింది. గాంధీ జైలు నుంచి బయటికొచ్చాక విధ్వంసమూ రహస్యమూ రెండూ తన అహింసలో ఇమడవని తేల్చి, అజ్ఞాతంలో ఉన్నవాళ్లను లొంగిపొమ్మన్నారు. అరుణా అసఫ్ అలీ, అచ్యుత్ పట్వర్ధన్ లాంటి సోషలిస్టులకు అది నచ్చలేదు.

అడవి కోసం జరిగిన పోరాటాల్లో మన ప్రాంతానికి ఇంకా పాత కథ ఉంది. పల్నాట పశువుల మేతకు పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. అదే కాలంలో చీరాల పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద మునిసిపాలిటీ పన్ను కట్టం అని ఊళ్లే ఖాళీ చేసి, పాకల్లో నెలల తరబడి గడిపారు. గుడ్డిదీపం కూడా పగలగొట్టకుండా సర్కారును దిక్కుతోచకుండా చేశారు. ఈ రెండు దారులూ మనకు తెలిసినవే.

ఇప్పుడు అమెరికా సంగతి. ఎడ్వర్డ్ ఆబీ 1975లో రాసిన ‘ది మంకీ రెంచ్ గ్యాంగ్’ అనే నవలలో నలుగురు మిత్రులు ఎడారిలో బుల్‌డోజర్లను పాడు చేస్తూ తిరుగుతారు. ఆ నవల చదివిన వాళ్లు కొందరు 1980లో ‘ఎర్త్ ఫస్ట్!’ పెట్టారు. రాజీ లేదన్నది వాళ్ల నినాదం. పెద్ద చెట్లను కాపాడటానికి వాటి బోదెల్లోకి ఇనప మేకులు దిగ్గొట్టడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. మేకు దిగిన చెట్టును కోస్తే రంపం పాడవుతుంది గనుక కంపెనీ వెనకాడుతుందని లెక్క. 1987లో కాలిఫోర్నియాలో ఓ కోత మిల్లులో మేకు తగిలి రంపపు బద్ద తెగి, అక్కడ పనిచేసే యువకుడి మొహం చీరుకుపోయింది. ఆ మేకు ఎవరు కొట్టారో తేలలేదు. మొహం మాత్రం కూలివాడిది. కంపెనీ యజమానిది కాదు.

నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికి గుండెకాయ లాంటి సంఘటన అదే. జూడీ బారీ అనే ఎర్త్ ఫస్ట్! నాయకురాలు అంతకు ముందు కార్మిక సంఘాల్లో పనిచేసిన మనిషి. 1990లో ఆమె చొరవతో ఉత్తర కాలిఫోర్నియా శాఖ మేకులు కొట్టడాన్ని బహిరంగంగా వదులుకుంది. అదే ఏడాది మే 24న ఓక్లాండ్‌లో ఆమె నడుపుతున్న కారులో బాంబు పేలింది. ఆమె తీవ్రంగా గాయపడింది. పోలీసులూ ఎఫ్‌బీఐ వాళ్లూ ఆ బాంబు ఆమెదేనని ఆమెనే అరెస్టు చేశారు. కేసు నిలవలేదు. 2002లో జ్యూరీ ఆమె వారసులకూ సహచరుడికీ కలిపి 44 లక్షల డాలర్లు ఇమ్మంది. అప్పటికి ఆమె క్యాన్సరుతో చనిపోయి ఐదేళ్లయింది. బాంబు పెట్టినవాళ్లు ఎవరో ఇప్పటికీ తేలలేదు.

‘ఎకో టెర్రరిజం’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది రాన్ ఆర్నాల్డ్. ప్రకృతి వనరుల్ని వాడుకునే పరిశ్రమల తరఫున పనిచేసే ఉద్యమకారుడు ఆయన. 1983లో ‘రీజన్’ పత్రికలో రాశాడు. అంటే ఈ పేరు పుట్టింది పోలీసు స్టేషనులో కాదు, కోర్టులో కాదు. వాదులాటలో ఓ పక్షం చేతిలో. తర్వాత అది ప్రభుత్వం నోటికొచ్చింది. ఎఫ్‌బీఐ నిర్వచనం ప్రకారం పర్యావరణ రాజకీయ కారణాలతో అమాయకుల మీద ‘లేదా ఆస్తి మీద’ చేసే నేరపూరిత హింసంతా దాని కిందికే వస్తుంది. తగాదా అంతా ఆ ‘లేదా ఆస్తి మీద’ దగ్గరే ఉంది.

ఎర్త్ లిబరేషన్ ఫ్రంట్ వాళ్లు ఆ నిర్వచనానికి అచ్చంగా సరిపోయారు. ఇంగ్లండులో 1992లో పుట్టి అమెరికాకు పాకిన ఈ సంస్థకు ఆఫీసు లేదు, సభ్యత్వం లేదు. 1998 అక్టోబరు 19న కొలరాడోలోని వేల్ మంచుక్రీడల విడిదికి నిప్పు పెట్టారు. నష్టం 1 కోటి 20 లక్షల డాలర్లు. లింక్స్ అనే అడవి పిల్లి నివాసంలోకి విడిది విస్తరించకుండా ఆపడానికట. 2002 ఫిబ్రవరిలో ఎఫ్‌బీఐ అధికారి ఒకరు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పిన లెక్క ప్రకారం, 1996 నుంచి ఈ సంస్థా, జంతు విముక్తి పేరుతో పనిచేసే దాని జోడీ సంస్థా కలిసి 600కు పైగా నేరాలు చేశాయి, 4 కోట్ల 30 లక్షల డాలర్ల నష్టం తెచ్చాయి. చనిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా 2005లో అదే ఎఫ్‌బీఐ దేశంలోపలి ఉగ్రవాద ముప్పుల్లో వీళ్లది మొదటి స్థానమంది. ఓక్లహోమా సిటీలో 168 మందిని చంపిన బాంబు పేలి అప్పటికి పదేళ్లే. ‘ఆపరేషన్ బ్యాక్‌ఫైర్’ కింద పట్టుబడ్డవాళ్లలో కొందరికి 2007లో ఉగ్రవాద కోణాన్ని కలిపి శిక్ష పెంచారు. వేల్ విడిదిని మళ్లీ కట్టేశారు, విస్తరణ ఆగలేదు. పిల్లికి ఒరిగిందేమీ లేదు.

ఉగ్రవాదమన్న పేరుకు బాగా తగిన ఘటన ఒకటి 1985 జూలై 10న న్యూజిలాండులోని ఆక్లాండ్ రేవులో జరిగింది. గ్రీన్‌పీస్ ఓడ ‘రెయిన్‌బో వారియర్’ను రెండు బాంబులతో ముంచారు. ఫొటోగ్రాఫర్ ఫెర్నాండో పెరైరా మునిగి చనిపోయాడు. బాంబులు పెట్టింది ఫ్రాన్స్ గూఢచార సంస్థ. అణు పరీక్షలకు ఓడ అడ్డు రాకూడదని. ఇద్దరు ఏజెంట్లకు పదేళ్ల శిక్ష పడింది గానీ పూర్తిగా అనుభవించలేదు. దాన్ని మాత్రం పర్యావరణ ఉగ్రవాదం పుస్తకాల్లో చివరి పుటల్లో వెతుక్కోవాలి.

అదే ఫ్రాన్స్‌లో 2022 అక్టోబరు చివర సాంత్ సొలీన్ అనే పల్లె దగ్గర వేల మంది పోగయ్యారు. పెద్ద రైతుల సాగుకు భూగర్భ జలాన్ని తోడి నింపే భారీ చెరువుల మీద వాళ్ల కోపం. ఆ నీరు అందరిది, కొందరి చెరువుల్లోకి ఎలా పోతుందన్నది ప్రశ్న. కృష్ణా డెల్టా చివరి భూముల రైతుకు విడమరిచి చెప్పనక్కర లేని ప్రశ్న అది. పైపులు పెరికారు, పోలీసులతో కొట్లాట జరిగింది. హోంమంత్రి డర్మానా ఆ జనాన్ని పర్యావరణ ఉగ్రవాదులన్నాడు. 2023 జూన్‌లో ‘భూమి తిరుగుబాట్లు’ అనే ఆ కూటమిని ప్రభుత్వం రద్దు చేసింది. నవంబరులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ రద్దును కొట్టేసింది. వాళ్లు ఆస్తి విధ్వంసాన్ని ప్రోత్సహించలేదని కోర్టు అనలేదు. ప్రోత్సహించారంది, కానీ దానికి సంస్థనే మూసేయడం మోతాదు మించిన శిక్షంది. నేరానికి నేరమంత శిక్ష ఉండాలన్న ఈ మాట నాకు ఈ చర్చలో విన్న అన్ని మాటల కంటే తెలివైనదిగా తోస్తుంది. ఇంగ్లండు ఆ తెలివి చూపలేదు. రహదారిని ఆపాలని జూమ్ కాల్‌లో మాట్లాడుకున్న ‘జస్ట్ స్టాప్ ఆయిల్’ వాళ్లలో ఒకరికి 2024 జూలైలో ఐదేళ్ల జైలు వేసింది. అప్పీలులో అది నాలుగేళ్లకు తగ్గింది.

మన దేశంలో ఆస్తి ధ్వంసాన్ని పద్ధతిగా ఎంచుకున్న పర్యావరణ, రైతు ఉద్యమం అంటే మొదట గుర్తొచ్చేది కర్ణాటక రాజ్య రైతు సంఘం. నాయకుడు ఎం.డి. నంజుండస్వామి లా ప్రొఫెసరు. 1992 డిసెంబరులో బెంగళూరులోని కార్గిల్ విత్తన కంపెనీ ఆఫీసు మీదికి వెళ్లి కాగితాలు తగలబెట్టారు. 1993 జూలైలో బళ్లారి జిల్లాలో ఆ కంపెనీ కడుతున్న విత్తనాల కేంద్రాన్ని కూల్చారు. 1998 నవంబరులో ‘ఆపరేషన్ క్రిమేట్ మోన్‌శాంటో’ మొదలైంది. రాయచూరు, బళ్లారి జిల్లాల్లో బీటీ పత్తి ప్రయోగ చేలను పీకి తగలబెట్టారు. ఆ గాలి తెలుగు నేలకూ సోకింది; ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రయోగాలు నిలిపివేయమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. నంజుండస్వామి ముఖాలు దాచుకోలేదు. ఫలానా రోజున ఫలానా చేను తగలబెడతామని ముందే పత్రికలకు చెప్పాడు, ఆ చేను రైతుకు నష్టం తామే కట్టిస్తామన్నాడు, పోలీసులు చూస్తుండగానే తగలబెట్టించాడు. గాంధీ వద్దన్న రెంటిలో రహస్యాన్ని ఆయన వదిలేశాడు, విధ్వంసాన్ని ఉంచుకున్నాడు. ప్రాణం లేనిదాన్ని పగలగొట్టడం హింస కాదన్నది ఆయన సిద్ధాంతం. కాల్చిన చేను ప్రాణం ఉన్నదే కదా అని నాకొక కొంటె సందేహం.

ఆ మంటల వల్ల జరిగిందేమిటి? 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. పదేళ్లు గడిచేసరికి దేశంలో పత్తి విస్తీర్ణంలో తొంభై శాతానికి పైగా అదే. గుంటూరు నల్లరేగడిలో దాన్ని వేయించింది మోన్‌శాంటో లాఠీ కాదు. పురుగుకు మందు కొట్టి కొట్టి అలసిపోయిన రైతే కొనుక్కున్నాడు. తర్వాత ఆ కంపెనీని నిజంగా లొంగదీసింది ఓ ఫిర్యాదు కాగితం. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైగా అమ్ముతుంటే అందులో రాయల్టీయే 1,250 దాకా ఉండేది. కమిషన్ ఆదేశం తర్వాత ప్యాకెట్టు ధర 750కి దిగింది. అంతకు ముందు ఏడాదే, పంట దెబ్బతిన్న ఫిర్యాదుల మీద బీటీ పత్తిలో మూడు మెక్ రకాలకు రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. చేను తగలబెట్టినవాళ్ల ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. కమిషన్ ముందు వాదించిన వకీళ్ల ఫొటో ఎవరూ వేయలేదు.

ఇక రేపల్లె, బాపట్ల వైపు. ఇక్కడ ఎర్త్ లిబరేషన్ ఫ్రంట్ లాంటిది పుట్టలేదు, పుట్టే సూచనలూ లేవు. ఇక్కడ ధ్వంసం ఇంకో రూపంలో, ఏ జెండా లేకుండా జరుగుతుంది. నీళ్లు తక్కువైన ఏడాది లాకుల దగ్గర రాత్రిపూట షట్టర్లు లేస్తాయి. పైవాడు మూస్తాడు, కిందివాడు ఎత్తుతాడు. కట్టకు గండి పడుతుంది. పొలానికి ఉప్పు ఊటెక్కిందని తగాదా పడ్డ చోట చెరువు గట్టు తెల్లారేసరికి తెగి ఉంటుంది. ఇరిగేషన్ వాళ్లు, పోలీసులు వస్తారు, పెద్దమనుషులు కూర్చుంటారు, రాజీ అవుతుంది. దీన్ని ఉగ్రవాదమని ఏ ఎస్సై కూడా అనడు. పొరుగువాళ్ల గొడవ అంటాడు. అదీ నిజమే. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు కొట్టుకున్నది వల కన్ను ఎంత ఉండాలన్న దాని మీద. సన్న కన్ను వల చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తుంది, రేపటికి సముద్రంలో చేప ఉండదు. ఇంతకంటే అచ్చమైన పర్యావరణ తగాదా ఏముంటుంది? అయినా దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు.

రొయ్యల చెరువుల కథ 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో మొదలైంది. క్రీకుల నుంచి ఉప్పునీళ్లు తోడి చెరువుల్లో నింపుతారు. ఆ ఉప్పు పక్క చేలోకి ఊరుతుంది. మేత, మందులు కలిసిన నీళ్లు మురుగు డ్రెయిన్లలోకి వదులుతారు. ఆ డ్రెయిన్లు డెల్టా వరి పొలాల నీటిని సముద్రానికి చేర్చడానికి తవ్వినవి. నాలుగేళ్లు గడిచేసరికి వరి వేసే పక్కవాడు కూడా తన పొలాన్ని చెరువుకే ఇచ్చేస్తాడు. మనసు మారి కాదు. ఇక అక్కడ వరి పండదు గనుక. నిజాంపట్నం, అడవులదీవి వైపు మడ అడవులు 1977 ఉప్పెన లాంటి దానికి అడ్డుగోడలు. వాటి అంచుల్లోకి కూడా చెరువులు పాకాయి.

దీని మీద కోర్టుకెళ్లినవాళ్లు తమిళనాడు గ్రామ స్వరాజ్య ఉద్యమం వాళ్లు. ఎస్. జగన్నాథన్ అనే సర్వోదయ నాయకుడి పిటిషన్ మీద 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పిచ్చింది. తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల్ని, సంప్రదాయ పద్ధతివి తప్ప, 1997 మార్చి 31 లోగా తీసేయాలి. సాగు భూముల్ని, మడ అడవుల్ని, ఉప్పుమళ్లని చెరువులుగా మార్చకూడదు. పాడు చేసినవాడే నష్టపరిహారం కట్టాలి. గాంధేయవాది ఒకాయన, ఒక్క గట్టు కూడా తెంపకుండా, దేశంలోని తీరప్రాంత రొయ్యల పరిశ్రమనంతా చట్టవిరుద్ధం అనిపించాడు. చెరువులు పోలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రొయ్యల సాగును తీర నియంత్రణ నిషేధం నుంచి వెనకటి తేదీతో తప్పించింది. నాలుగేళ్లకు వనామీ రొయ్య వచ్చింది. బాపట్ల తీరం మళ్లీ తవ్వకాలమయమైంది.

ఒక్క చోట మాత్రం గట్లు నిజంగానే తెగాయి. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చేపల చెరువుల్ని సుప్రీంకోర్టు ఆదేశాలతో ప్రభుత్వమే యంత్రాలు పెట్టి తెంపింది. అదే పని రాత్రిపూట ఇద్దరు రైతులు చేస్తే కేసు. నేను ఈ రెండూ ఒకటే అనడం లేదు. తెంపే ముందు విన్నారా లేదా, ఎవరి మేలుకు తెంపారు అన్న తేడాలుంటాయి. గట్టు తెగడమే హింస అన్నవాళ్లకు మాత్రం కొల్లేరును చూపించాలి.

చెరువు అటు ఒడ్డున కూలివాళ్లున్నారన్నది కూడా మర్చిపోకూడదు. 2021 జూలై 30 తెల్లవారుజామున రేపల్లె మండలం లంకెవానిదిబ్బలో రొయ్యల చెరువు దగ్గర పడుకున్న ఆరుగురు ఒడిశా కూలీలు కరెంటు షాకుతో చనిపోయారు. ఏరేటర్లకు తీగలు లాగిన ఆ గట్ల మీద ఎవరైనా ఉద్యమం పేరుతో చెయ్యి వేస్తే మొదట పోయేది ఎవరి ప్రాణమో దీన్నిబట్టి ఊహించవచ్చు. జూడీ బారీ మేకుల్ని వదిలేసింది ఇందుకే.

ఉద్యమకారులు గొంతు చించుకున్నా ఆగనిది ఒక్కోసారి ఇంకో దారిలో ఆగుతుంది. 2008లో వాడరేవు, నిజాంపట్నం మధ్య ఓడరేవులు, పరిశ్రమల కారిడార్ కడతామని రస్ అల్ ఖైమా అనే గల్ఫ్ ఎమిరేట్‌తో ఒప్పందం జరిగింది. వాన్‌పిక్ అన్నారు. వేల ఎకరాలు చేతులు మారాయి. 2012లో సీబీఐ కేసు, అరెస్టులు. కారిడార్ రాలేదు. దాన్ని ఆపింది పర్యావరణం కాదు, అక్రమాల ఆరోపణలు.

తెలుగు నేల మీద ఈ చర్చకు అసలు పరీక్ష పెట్టిన ఊరు సోంపేట. శ్రీకాకుళం జిల్లాలో అక్కడ బీల అని పిలిచే చిత్తడి నేలలున్నాయి. వరి, చేపలు, పశువుల మేత, చుట్టుపక్కల ఊళ్ల నీళ్లు అన్నీ దాని మీదే. సర్కారు కాగితాల్లో అది పనికిరాని భూమి. నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి థర్మల్ కేంద్రం కోసం ఇచ్చారు. ఊళ్లు పర్యావరణ పరిరక్షణ సంఘం పెట్టుకున్నాయి, నిరాహార దీక్షలు చేశాయి, పిటిషన్లు వేశాయి. 2010 జూలై 14న కంపెనీ పోలీసు బలగంతో భూమి పనికి దిగింది. జనం అడ్డం పడ్డారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఒక్క రోజు ఆగితే ఆ ఇద్దరూ బతికేవారు. ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో ఇంకో థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ రెండు చావులు. రెండు చోట్లా జనం రాళ్లు వేశారన్నారు పోలీసులు. వేసి ఉండొచ్చు. కేసులు మీద పడి వందల మంది ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు మురుగు గొంతేరు డ్రెయిన్‌లోకి వస్తుందని ఊళ్లు అడ్డం తిరిగితే 144వ సెక్షన్ పెట్టారు, హత్యాయత్నం కేసులు పెట్టారు, ఆడవాళ్లను జైలుకు పంపారు. ఆ తర్వాత మురుగును పైపులైనుతో సముద్రానికి పంపుతామని ప్రభుత్వమే అంది. అంటే ఊళ్ల భయం ఉత్తది కాదని ఒప్పుకున్నట్టే.

ఇక్కడ ఓ చిక్కు ప్రశ్న ఉంది, దాటేయడం నిజాయితీ కాదు. తెలుగు నేల మీద ప్రకృతి వనరుల పేరుతో మనుషుల్ని చంపిన వాళ్లున్నారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలంలో మావోయిస్టులు అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ కాల్చి చంపారు. మన్యంలో బాక్సైట్, క్వారీల గొడవలు దాని వెనక ఉన్నాయని అప్పటి వార్తలన్నీ రాశాయి. ఇది ఉగ్రవాదం కాదనడానికి నా దగ్గర వాదన లేదు. ఎర్త్ లిబరేషన్ ఫ్రంట్‌ను ఆ పేరుతో పిలిచి, దీన్నీ అదే పేరుతో పిలిస్తే ఆ పేరుకు అర్థం మిగలదన్నదే నా ఫిర్యాదు. కె. బాలగోపాల్ పౌరహక్కుల ఉద్యమంలో ఉంటూనే, రాజ్యహింసను అడిగినంత గట్టిగా ఉద్యమ హింసనూ అడగాలని పట్టుబట్టి, 1998లో తన పాత సంఘం వదిలి మానవ హక్కుల వేదిక పెట్టినవాళ్లలో ఒకరయ్యారు. ఆయన 2009 అక్టోబరులో పోయారు. సోంపేట కాల్పుల మీద నిజనిర్ధారణ చేసిన వాళ్లలో ఆ వేదిక వాళ్లున్నారు. మన్యంలో బాక్సైట్‌ను ఆపింది కూడా తుపాకీ ఒక్కటే అనడం తప్పు. 1997లో సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవంది. 2015లో ప్రభుత్వ సంస్థకు ఇచ్చిన బాక్సైట్ లీజు జీవో 2019లో రద్దయింది. మధ్యలో ఊరూరా గిరిజనుల ధర్నాలు.

అడవిలో తుపాకులున్నాయి గనుక చట్టం వేసిన వల ఎంత దూరం పడుతుందో కూడా చూడాలి. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అదే ఊపా, పదిహేనో సెక్షన్‌లో ఉగ్రవాద చర్య అంటే ఆస్తి నష్టమూ వస్తుంది, జనానికి అవసరమైన సరఫరాలు ఆపడమూ వస్తుంది. ఆ చర్య వెనక దేశ సమగ్రతను, భద్రతను దెబ్బతీసే ఉద్దేశమో, జనాన్ని భయపెట్టే ఉద్దేశమో ఉండాలన్న షరతుంది. కానీ ఆ ఉద్దేశం ఉందో లేదో తేలేసరికి మనిషి జైల్లో ఏళ్లు గడపొచ్చు. 2020 జూలైలో ఢిల్లీ పోలీసులు ‘ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్’ అనే కుర్రవాళ్ల సంస్థ వెబ్‌సైటుకు ఇదే చట్టం కింద నోటీసు పంపారు. వాళ్ల నేరం, పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా మీద మంత్రికి ఈమెయిళ్లు పోటెత్తించడం. పొరపాటున ఆ సెక్షన్ పడిందని తర్వాత వెనక్కి తీసుకున్నారు. పొరపాటే కావచ్చు. అలాంటి పొరపాటు చేతికి అందేంత దగ్గర్లో ఉందన్నదే నా భయం. 2014లో ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక ఒకటి విదేశీ నిధుల స్వచ్ఛంద సంస్థల ఆందోళనల వల్ల దేశ ఆదాయ వృద్ధి ఏటా 2 నుంచి 3 శాతం తగ్గుతోందంది. 2018 మే 22న తూత్తుకుడిలో రాగి కర్మాగారం మూయమన్న ఊరేగింపు మీద జరిగిన కాల్పుల్లో 13 మంది పోయారు.

ఇంకొక తీర్పు గురించి మన పత్రికల్లో పెద్దగా రాయలేదు. ఆందోళనల్లో ఆస్తుల ధ్వంసం మీద సుప్రీంకోర్టు 2007లో తనంతట తాను కేసు చేపట్టింది. కె.టి. థామస్, ఫాలీ నారిమన్‌ల నాయకత్వంలో రెండు కమిటీలు వేసి, 2009 ఏప్రిల్ 16న తీర్పిచ్చింది. నష్టాన్ని లెక్కకట్టడానికి క్లెయిమ్స్ కమిషనర్, వసూలుకు పద్ధతి, ఆందోళన పిలుపిచ్చిన నాయకుల బాధ్యత అన్నీ ఉన్నాయందులో. లా రిపోర్టుల్లో ఆ కేసు ప్రతివాది పేరు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అని ఉండటం ఓ చిత్రం. నాకు ఆ తీర్పు మీద పెద్ద అభ్యంతరం లేదు. పగలగొట్టినవాడు ఖరీదు కట్టాలి. ఉగ్రవాదం కేసు కంటే అది వంద రెట్లు నయం. నేరానికి తగ్గ లెక్క అది. నంజుండస్వామి కూడా చేను కాల్చి ఖరీదు కడతానన్నాడు.

రెండో వైపు లెక్క మాత్రం ఇలా ఉంది. 1996 తీర్పులో పాడు చేసినవాడే కట్టాలన్నారు. 2005 చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా తీరంలో రొయ్యల చెరువు పెడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని రాశారు. 2023లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి జైలును తీసేసింది. ఇప్పుడు జరిమానా ఉంది, ఆపమనే అధికారం ఉంది. అది నేరం మాత్రం కాదు.